కాలేజీ దాటాక సొరోరిటీలో చేరవచ్చా, సేవా క్లబ్బు మేలా? అమెరికాలో ఉన్న తెలుగువారి కోసం వివరంగా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇండియాలో బీటెక్, టెక్సస్‌లో ఎంఎస్ చేశారు. చదువుకునే రోజుల్లో సొరోరిటీల (గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే విద్యార్థినుల సంఘాలు) జోలికి వెళ్లలేదు. ఇప్పుడు డాలస్ పక్కన ప్లానోలో ఉద్యోగం. ఆఫీసులో యాభై దాటిన ఆవిడ కూడా తన సొరోరిటీ అక్కచెల్లెళ్ల గురించి సంబరంగా చెప్తుంటే, "నాకు 28 ఏళ్లు, ఇంకా చేరే దారి ఉందా? లేక రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బులు మేలా? మావారికి కూడా ఏదైనా ఉందా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. దారి ఉంది, వయసు అడ్డం కాదు. కానీ రెండు దారుల నడక వేరు. సొరోరిటీలో చేరాలంటే చాలాచోట్ల లోపలివాళ్లు కొందరు మిమ్మల్ని ఎరిగి, మీ తరఫున ఉత్తరం రాయాలి. దానికి ఆరు నెలలు పట్టవచ్చు, రెండేళ్లూ పట్టవచ్చు. సేవా క్లబ్బులో అయితే ఈ నెలలో అతిథిగా వెళ్లి వచ్చే నెలకు సభ్యురాలు కావచ్చు. మీ పరిస్థితిలో నేనిచ్చే సలహా: సేవా క్లబ్బుతో ఇప్పుడే మొదలుపెట్టండి, సొరోరిటీ ప్రయత్నం పక్కన నిదానంగా సాగనివ్వండి. సొరోరిటీ దరఖాస్తులో సేవ చేసిన రుజువు అడిగే చోట క్లబ్బులో గడిపిన గంటలే పనికొస్తాయి.

ఇంకో మాట ముందే చెప్పాలి. జాతీయ స్థాయిలో పేరు ఎంత పెద్దదైనా మీరు చేరేది మీ ఊరి శాఖలో. ఒకే పేరున్న రెండు క్లబ్బులు పది మైళ్ల దూరంలో ఉండి, ఒకటి కళకళలాడుతూ, ఇంకొకటి ఎనిమిది మందితో ఈడ్చుకుంటూ ఉండటం మామూలే. కాబట్టి పేరు చూసి డబ్బు కట్టకండి, శాఖను చూసి కట్టండి.

సొరోరిటీల సంగతి

కాలేజీ దాటినవాళ్లకు మూడు రకాలు ఉన్నాయి, వీటిని కలగాపులగం చేయకూడదు.

మొదటిది, 1902 నుంచి ఉన్న నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కిందికి వచ్చే సొరోరిటీలు. కాలేజీల్లో పెద్ద భవనాలు, రష్ వారాలు (కొత్త సభ్యులను ఎంచుకునే రోజులు) కనిపించేవి ఇవే. వీటిలో చాలావాటికి అలమ్నా ఇనిషియేషన్ అనే పద్ధతి ఉంది, అంటే చదువు అయిపోయిన స్త్రీని నేరుగా పూర్వ విద్యార్థుల హోదాలో చేర్చుకోవడం. ముఖ్యమైన షరతు: అదే కాన్ఫరెన్స్‌లోని వేరే సొరోరిటీలో మీరు అంతకుముందు దీక్ష తీసుకుని ఉండకూడదు. మీరు ఎందులోనూ చేరలేదు కాబట్టి ఆ చిక్కు లేదు. మిగతా షరతులు సంస్థను బట్టి మారతాయి. కొన్ని ఎవరి దరఖాస్తునైనా తీసుకుంటాయి, కొన్ని సభ్యుల బంధువులనో, శాఖకు సలహాదారుగా పనిచేసేవారినో మాత్రమే తీసుకుంటాయి. అందుకే ముందు జాతీయ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఆ పేజీ చదవండి, తర్వాత మీ దగ్గరి అలమ్నా శాఖకు రాయండి. ఆ ఊళ్లో అలమ్నా శాఖ చురుగ్గా లేకపోతే చేరినా ప్రయోజనం తక్కువ. బ్యాడ్జీ వస్తుంది గానీ నెలనెలా కలిసే మనుషులు ఉండరు.

రెండోది, నల్లజాతి అమెరికన్ల చారిత్రక సంస్థలు. 1930లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన నేషనల్ పాన్-హెలెనిక్ కౌన్సిల్‌లో తొమ్మిది ఉన్నాయి: ఐదు ఫ్రాటర్నిటీలు (మగవాళ్ల సంఘాలు), నాలుగు సొరోరిటీలు. ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908, డెల్టా సిగ్మా థీటా 1913, జీటా ఫై బీటా 1920, సిగ్మా గామా రో 1922. మీ ఆఫీసు ఆవిడ యాభై ఏళ్లకూ అంత చురుగ్గా ఉన్నారంటే వీటిలో ఒకటయ్యే అవకాశం ఎక్కువ. ఎందుకంటే వీటిలో కాలేజీ తర్వాతే అసలు పని మొదలవుతుంది. గ్రాడ్యుయేట్ శాఖలు, అలమ్నే శాఖలు స్కాలర్‌షిప్పులు, ఓటర్ల నమోదు, ఆరోగ్య శిబిరాలు ఏడాది పొడవునా నడుపుతాయి.

వీటిలో చేరడానికి చర్మం రంగు నిబంధన లేదు. కానీ ఇవి పుట్టింది నల్లజాతి విద్యార్థులను మిగతా సమాజం దూరం పెట్టిన కాలంలో. ఆ సమాజం కోసం జీవితాంతం పనిచేస్తానన్న మాట ఇచ్చి చేరేవి ఇవి. ఆ పని మీద మనసు ఉంటేనే వెళ్లండి. అక్షరాలు, రంగులు, చేతి సంజ్ఞలు నచ్చి వెళ్తే మొదటి పలకరింపులోనే వాళ్లకు తెలిసిపోతుంది. కొన్ని మర్యాదలు ముందే తెలుసుకోవాలి:

- సభ్యులు కాకముందు ఆ అక్షరాలున్న టీషర్టులు, నగలు వేసుకోకూడదు. ఎవరైనా ప్రేమగా బహుమతి ఇచ్చినా సరే.
- "నేను ఫలానాదాంట్లో చేరబోతున్నా" అని సోషల్ మీడియాలో పెట్టకూడదు. ఆసక్తిని ఒకరిద్దరు సభ్యుల దగ్గర మాత్రమే నెమ్మదిగా చెప్పుకోవాలి.
- ముందు వాళ్ల బహిరంగ కార్యక్రమాలకు వెళ్లి చేయి కలపాలి. ఏడాదిపాటు కనిపించిన మనిషికి వచ్చే ఉత్తరానికి ఉన్న బరువు, నిన్న పరిచయమైన మనిషికి వచ్చే ఉత్తరానికి ఉండదు.
- ఉత్తరం రాసేవాళ్లు ఆ ఏడాది బకాయిలు కట్టిన సభ్యులై ఉండాలి. ఇది చాలామంది మర్చిపోయే చోటు. ఎంత పెద్ద మనిషి రాసినా, ఆమె ఆ ఏడాది రుసుము కట్టకపోతే ఉత్తరం చెల్లదు.

కాగితాల విషయంలో సాధారణంగా అడిగేవి: డిగ్రీ అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్, సభ్యుల సిఫారసు ఉత్తరాలు, సేవ చేసిన తేదీలు, గంటలు రాసి సంస్థ లెటర్‌హెడ్ మీద సంతకం చేసిన పత్రాలు. వీటికి బ్యాచిలర్ డిగ్రీ ప్రధానం. మీ బ్యాచిలర్ డిగ్రీ ఇండియాది కాబట్టి, దానికి క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ (విదేశీ డిగ్రీ ఇక్కడి ఏ డిగ్రీకి సమానమో తేల్చే పత్రం) కావాలా, లేక అమెరికా ఎంఎస్ సరిపోతుందా అని ముందే అడిగి పెట్టుకోండి. చేర్చుకునే ప్రక్రియ ప్రతి ఏడాదీ ఉండదు. తెరిచినప్పుడు గడువు తక్కువగా ఉంటుంది, అప్పుడు యూనివర్సిటీకి ట్రాన్స్‌క్రిప్ట్ కోసం రాస్తే అందదు. ఖర్చు కూడా తెలిసి ఉండాలి. దీక్ష రుసుము, జాతీయ, స్థానిక రుసుములు కలిపితే మొదటి ఏడాది వెయ్యి డాలర్లు దాటడం వింతేమీ కాదు.

హేజింగ్, అంటే కొత్తగా చేరేవాళ్లను వేధించడం గురించి ఒక్క మాట. ఈ కౌన్సిల్‌లో అప్పటికి ఉన్న సంస్థలు పాత ప్లెడ్జింగ్ పద్ధతిని (దీక్షకు ముందు కొత్తవాళ్లను పరీక్షలకు గురిచేయడం) 1990లోనే రద్దు చేసుకున్నాయి. ఎవరైనా రాత్రివేళ రహస్యంగా రమ్మన్నా, జాతీయ కార్యాలయం పోర్టల్‌లో కాకుండా సొంత ఖాతాకు డబ్బు పంపమన్నా, అది ఆ సంస్థ పద్ధతి కాదు. అక్కడే ఆగి, జాతీయ కార్యాలయానికి తెలియజేయండి.

మూడో రకం, కాలేజీతో సంబంధం లేని సొరోరిటీలు. మీలాంటివారికి ఇవి బాగా నప్పుతాయి, కానీ మనవాళ్లలో దాదాపు ఎవరికీ తెలియవు. బీటా సిగ్మా ఫై 1931లో కాన్సాస్ రాష్ట్రంలోని అబిలీన్‌లో మొదలైంది. చిన్న చిన్న శాఖలు, నెలకు రెండుసార్లు ఎవరో ఒకరి ఇంట్లో కలవడం, వంతులవారీగా ఒకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడటం, ఊరికి పనికొచ్చే చిన్న కార్యక్రమాలు. ఎప్సిలాన్ సిగ్మా ఆల్ఫా 1929లో టెక్సస్‌లోని జాక్సన్‌విల్‌లోనే పుట్టింది. సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రికి నిధులు సేకరించడం దాని ప్రధానమైన పని. స్నేహితులు కావాలన్నది మీ అసలు కోరిక అయితే ఈ రెండూ మొదట చూడండి. ఒక ఇబ్బంది ఉంది: చాలా శాఖల్లో సగటు వయసు ఎక్కువ. అరవైల్లో ఉన్న పెద్దమ్మల మధ్య మీరొక్కరే చిన్నవారు కావచ్చు. కొందరికి అది హాయి, కొందరికి కాదు. ఒకసారి వెళ్లి చూస్తే తేలిపోతుంది.

దక్షిణాసియా సొరోరిటీల సంగతి కూడా అడుగుతారని చెప్తున్నాను. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో 1998లో పుట్టిన డెల్టా ఫై ఒమేగా, అదే ఏడాది ఆస్టిన్‌లో పుట్టిన కప్పా ఫై గామా లాంటివి ప్రధానంగా కాలేజీలో ఉన్నవాళ్ల కోసం. వాటి కార్యక్రమాలకు అతిథిగా వెళ్లండి, సభ్యత్వం మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకొకటి, మెయిల్‌లో "మీరు ఎంపికయ్యారు, 95 డాలర్లు కట్టండి" అని వచ్చే హానర్ సొసైటీలు (చదువులో ప్రతిభ చూపినవారి సంఘాలు) సొరోరిటీలు కావు. నిజమైనవీ ఉన్నాయి, పేరుకు మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ హానర్ సొసైటీస్ జాబితాలో పేరుందో లేదో చూసి గానీ కార్డు బయటికి తీయకండి.

సేవా క్లబ్బులు

రోటరీని 1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టారు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్బు కేసులో తీర్పు ఇచ్చాక, 1989లో స్త్రీలకు తలుపు తెరిచారు. మీ వయసువారికి నేను మొదట చెప్పేది రోటరాక్ట్, అంటే రోటరీకి అనుబంధంగా నడిచే యువత క్లబ్బులు. 1968లో మొదలైన ఈ క్లబ్బులకు పూర్వం 30 ఏళ్ల పరిమితి ఉండేది, 2020 జూలై నుంచి తీసేశారు. అంతర్జాతీయ రుసుము 2022లో పెట్టినప్పుడు కమ్యూనిటీ క్లబ్బు (కాలేజీలో కాక ఊళ్లో నడిచేది) సభ్యులకు ఏడాదికి 8 డాలర్లే. రోటరీకైతే అంతర్జాతీయ, డిస్ట్రిక్ట్, క్లబ్ రుసుములు, పైన భోజనం. వారం వారం హోటల్లో లంచ్ పెట్టే క్లబ్బులో ఏడాది లెక్క వెయ్యి డాలర్లు దాటవచ్చు, భోజనం లేకుండా నెలకు రెండుసార్లు సాయంత్రం కలిసే క్లబ్బులో మూడు నాలుగు వందలతో సరిపోవచ్చు. "ఏడాదికి అన్నీ కలిపి ఎంత?" అని అడగండి, "డ్యూస్ ఎంత?" అని అడిగితే భోజనం డబ్బు లెక్కలోకి రాదు.

లయన్స్ 1917లో మెల్విన్ జోన్స్ షికాగోలోనే మొదలుపెట్టారు. కంటి చూపు పని వాళ్లకు ప్రత్యేకం కావడానికి కారణం 1925లో ఒహాయోలోని సీడర్ పాయింట్ మహాసభలో హెలెన్ కెల్లర్ వాళ్లను నేరుగా అడగడం. స్కూలు పిల్లలకు కళ్ల పరీక్షలు, పాత కళ్లజోళ్ల సేకరణ లాంటి చేతులతో చేసే పని ఇక్కడ ఎక్కువ. మీ దంపతులిద్దరూ కలిసి చేరితే ఇంకో లాభం ఉంది: ఒకే ఇంట్లో ఉండేవారికి కుటుంబ సభ్యత్వం కింద మొదటివారు అంతర్జాతీయ రుసుము పూర్తిగా, రెండోవారు సగం కడితే చాలు.

కివానిస్ (1915, డెట్రాయిట్) పిల్లల కోసం పనిచేస్తుంది. స్త్రీల సంస్థల్లో జోంటా 1919లో బఫెలోలో పుట్టింది. అమీలియా ఇయర్‌హార్ట్ అందులో సభ్యురాలు, ఆమె పేరిట 1938 నుంచి ఏరోస్పేస్ పరిశోధన చేసే స్త్రీలకు ఫెలోషిప్ ఇస్తున్నారు. ఇంజనీరు అయిన మీకు ఆ సమావేశాల్లో మాట్లాడే మనుషులు దొరుకుతారు. 1921లో ఓక్లండ్‌లో మొదలైన సొరాప్టిమిస్ట్ ఇంటి భారం మోస్తూ చదువుకునే స్త్రీలకు సహాయం చేస్తుంది. జూనియర్ లీగ్ (1901, న్యూయార్క్) వేరే రకం. అక్కడ మొదటి ఏడాది శిక్షణే పని. ఇన్ని సమావేశాలు, ఇన్ని గంటలు అని కచ్చితంగా లెక్క ఉంటుంది. దరఖాస్తులు ఏడాదిలో కొద్ది వారాలే తెరుస్తారు. సేవాసంస్థల బోర్డుల్లో కూర్చోవాలన్న ఆలోచన ఉంటే ఆ శిక్షణకు సాటి లేదు. వారానికి 50 గంటలు పనిచేస్తుంటే మాత్రం ఈ ఏడాది వద్దు.

మీవారి సంగతి: నల్లజాతి అమెరికన్ల ఆ తొమ్మిది సంస్థల్లోని ఐదు ఫ్రాటర్నిటీలకు, ఉదాహరణకు 1906లో కోర్నెల్‌లో పుట్టిన ఆల్ఫా ఫై ఆల్ఫాకు, పెద్దవాళ్ల శాఖలున్నాయి. పైన చెప్పిన మర్యాదలన్నీ అక్కడా వర్తిస్తాయి. మిగతా కాలేజీ ఫ్రాటర్నిటీలు బయటివాళ్లను గౌరవ సభ్యులుగా తీసుకోవడం అరుదు. సోదరభావం, దీక్ష, పాత ఆచారాలు ఇష్టమైతే ఫ్రీమేసన్ లాడ్జీ ఉంది. అక్కడ వాళ్లు పిలవరు, మనమే అడగాలి. దైవం మీద నమ్మకం ఉండాలంటారు, ఏ మతమైనా ఫరవాలేదు. హైదరాబాద్ గోషామహల్ బారాదరి మేసన్ల లాడ్జీ భవనమే కాబట్టి మనవాళ్లకు ఇది మరీ కొత్త సంగతి కాదు.

వెళ్లి చూసేటప్పుడు

రోటరీ, లయన్స్ వెబ్‌సైట్లలో జిప్ కోడ్ కొడితే దగ్గరి క్లబ్బులు, సమావేశ వేళలు వస్తాయి. ముందు వేళ చూడండి. ఉదయం 7 గంటల బ్రేక్‌ఫాస్ట్ క్లబ్బు అంటే వేసవిలో హైదరాబాద్‌లో సాయంత్రం 5:30. మీ ఆఫ్‌షోర్ కాల్ సరిగ్గా అప్పుడే ఉంటుంది. మనవాళ్లు మూడో నెలలో మానేయడానికి ఇదే పెద్ద కారణం. సాయంత్రం కలిసే క్లబ్బునే వెతుక్కోండి.

ఒకే క్లబ్బుకు కనీసం రెండుసార్లు, మొత్తం మీద మూడు క్లబ్బులకు అతిథిగా వెళ్లండి. భోజనం ఉంటే మీ ప్లేటు డబ్బు మీరే ఇవ్వాలి, శాకాహారమైతే రెండు రోజుల ముందే చెప్పాలి. సమావేశం మొదట్లో జెండా ప్రతిజ్ఞ, చాలాచోట్ల చిన్న ప్రార్థన ఉంటాయి. మీరు పౌరులు కాకపోతే ప్రతిజ్ఞ చెప్పనవసరం లేదు, లేచి నిలబడితే చాలు, ఎవరూ తప్పు పట్టరు.

అక్కడ అడగాల్సినవి: సభ్యుల పుస్తకంలో ఎంతమంది, ఈ రోజు వచ్చింది ఎంతమంది? గత మూడు నెలల్లో చేతులతో చేసిన పని ఏమిటి? కిందటేడు చేరినవాళ్లలో ఇప్పుడు ఎవరున్నారు? మూడో ప్రశ్నకు జవాబు తడబడితే ఆ క్లబ్బు కొత్తవాళ్లను నిలుపుకోలేకపోతోందని అర్థం. చెక్కులు ఇవ్వడం తప్ప వేరే పని చెప్పలేకపోతే, సేవ చేయాలని వెళ్లిన మీకు నిరాశే మిగులుతుంది.

నచ్చితే ఒక సభ్యుడు మీ పేరు ప్రతిపాదిస్తారు, బోర్డు చూస్తుంది, తర్వాత చిన్న ఇండక్షన్, అంటే మిమ్మల్ని చేర్చుకునే సభ. రోటరీ, లయన్స్ రెండింటికీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. మే, జూన్‌లలో చేరేటప్పుడు రుసుము ఏ ఏడాదికి పడుతుందో కనుక్కోండి.

వీసా, పన్ను, ఊరికి సాయం

హెచ్-1బీ మీద ఉన్నా క్లబ్బు సభ్యత్వానికి, నిజమైన స్వచ్ఛంద సేవకు ఇబ్బంది లేదు. జీతం ఇచ్చే ఉద్యోగాన్ని ఉచితంగా చేయడం, గౌరవ పారితోషికం తీసుకోవడం మాత్రం కూడదు. డబ్బు చేతులు మారే బాధ్యత ఏదైనా ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి.

రోటరీ, లయన్స్ క్లబ్బులు చాలావరకు అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(4) కింద ఉంటాయి, కాబట్టి సభ్యత్వ రుసుమును దానంగా పన్నులో చూపకూడదు. వాటి ఫౌండేషన్లు 501(సి)(3), వాటికిచ్చే విరాళానికి మినహాయింపు ఉంటుంది, మీ కంపెనీ మ్యాచింగ్ (మీ విరాళానికి తోడుగా కంపెనీ ఇచ్చే సొమ్ము) కూడా ఎక్కువగా వాటికే వర్తిస్తుంది. పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది.

చాలామంది తెలుగువారు క్లబ్బులో చేరేది ఊళ్లో బడికో, ఆసుపత్రికో ఏదైనా చేయాలని. అది సాధ్యమే, రోటరీలో దానికి పక్కా దారి ఉంది. గ్లోబల్ గ్రాంట్ అనే రోటరీ నిధికి కనీసం 30,000 డాలర్ల ప్రాజెక్టు ఉండాలి, పని జరిగే దేశంలో ఒక క్లబ్బు, బయటి దేశంలో ఒక క్లబ్బు కలిసి దరఖాస్తు చేయాలి. అంటే మీ టెక్సస్ క్లబ్బు, మీ జిల్లా కేంద్రంలోని క్లబ్బు. దెబ్బతినేది ఎక్కడంటే, ఉత్సాహం కొద్దీ అమెరికా క్లబ్బు నుంచి ఊళ్లోని చిన్న సంస్థకు నేరుగా డాలర్లు పంపినప్పుడు. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేని సంస్థ ఆ డబ్బు తీసుకుంటే చిక్కుల్లో పడేది వాళ్లే. చేరిన మొదటి నెలలోనే ఈ ప్రతిపాదన పెట్టకండి. ముందు ప్లానోలోని ఫుడ్ బ్యాంకులో వాళ్లతో కలిసి నాలుగు శనివారాలు పెట్టెలు సర్దండి, తర్వాత మీ ఊరి మాట ఎత్తండి. అప్పుడు వింటారు.

తానా (1977), ఆటా (1990) లాంటి మన సంఘాలు వీటికి బదులు కావు, వీటితో పాటు ఉండదగ్గవి. అక్కడ భాష, పండుగలు, మనవాళ్ల కష్టసుఖాలు. ఇక్కడ మీరు ఉంటున్న ఊరి మనుషులు. రెండిటికీ సమయం లేకపోతే, మీ ప్రశ్నను బట్టి చూస్తే మీకు లోటుగా ఉన్నది రెండోది.

మెయిల్ రాసేటప్పుడు నాలుగు వాక్యాలు చాలు: పేరు, ఏ ప్రాంతంలో ఉంటున్నారు, ఏ రకం పని చేయాలని ఉంది, ఏ తేదీ సమావేశానికి రావచ్చు. రెజ్యూమే జత చేయకండి. క్లబ్ వెబ్‌సైట్లు ఏళ్ల తరబడి మార్చకుండా వదిలేసినవి చాలా ఉంటాయి, అందుకే జవాబు రాకపోతే వద్దన్నారని అనుకోకండి. రెండు వారాలు చూసి, ఫేస్‌బుక్ పేజీలో ఇటీవలి ఫోటోలు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే సమావేశ వేళకు నేరుగా వెళ్లి, తలుపు దగ్గర కూర్చున్నవారికి "అతిథిగా వచ్చాను" అని చెప్పండి. లేకపోతే జాబితాలో తర్వాతి క్లబ్బుకు రాయండి.